వంటింటి గోడ మీద సోమవారం

పెయింటరు రోజూ అయిదింటికే లేచేవాడు. మొహం కడుక్కుని, చెవి వెనక సుద్దముక్క దోపుకుని, వంటింట్లో ఫ్రిజ్‌కీ కిటికీకీ మధ్యనున్న గోడ ముందుకొచ్చి నిలబడేవాడు. ఆ గోడకి నల్లరంగు పూసి తెల్లగీతలతో తొమ్మిది గళ్ళు కట్టింది ఆయనే. ఒక్కో గడిలో ఒక్కో బొమ్మ వేసేవాడు. పళ్ళ బ్రష్షు, పాలగ్లాసు, బూట్లు, బడి, ఉడికించిన బంగాళాదుంప, ఇలా సాయంత్రం ఉయ్యాల, చివర్న దిండు దాకా. అన్నీ వేశాక రెండడుగులు వెనక్కి జరిగి, దుకాణం బోర్డు చూసుకున్నట్టు తల పక్కకి వంచి చూసుకునేవాడు. ఆ తరవాత పాలు పొయ్యి మీద పెట్టేవాడు.

ఆరింటికి ఇన్‌స్పెక్టరమ్మ వచ్చేది. ఆవిడకి అయిదేళ్ళు, పెయింటరుకి ఒక్కగానొక్క కూతురు. చేతులు వెనక్కి కట్టుకుని, ముక్కు గోడకి ఆనేంత దగ్గరగా నిలబడి, ఎడమ నుంచి కుడికి ఒక్కో గడీ తనిఖీ చేసేది. ఆ నడక చూసే మేనమామ ఆ పేరు పెట్టాడు. ఆవిడకి మాటలు తక్కువ. ఉన్న పదీ పన్నెండూ కూడా ఊరికే వాడేది కాదు. గీత వంకరగా ఉంటే దాని మీద వేలు పెట్టి అలా ఉంచేసేది. తండ్రి సరిచేసేవాడు. తనిఖీ అయ్యాకే ఇంట్లో రోజు మొదలయ్యేది.

ఏడాది కింద డాక్టరు ఆటిజం అని చెప్పాడు. చెప్పి ఒక కాగితం చేతిలో పెట్టాడు. అందులో పిల్లకి ఏముందో రాసుంది గానీ ఇంట్లోవాళ్ళు ఏం చెయ్యాలో లేదు. ఆ సంగతి చెప్పింది బడి టీచరు. ఆవిడ ఒకరోజు ఇంటికొచ్చి, పిల్ల పక్కన నేల మీద గంటసేపు పలక్కుండా కూర్చుని, వెళ్ళేముందు అంది.

"దీనికి మాట గాల్లో కలిసిపోతుంది. బొమ్మ అయితే నిలబడి ఉంటుంది. తరవాత ఏం జరగబోతోందో ముందే చూపించండి. సగం ఏడుపులు అక్కడే తగ్గిపోతాయి."

"బొమ్మలా? నాకు అక్షరాలే వచ్చండీ" అన్నాడు పెయింటరు.

నిజమే. ఊళ్ళో సగం దుకాణాల పేర్లు రాసిన చెయ్యి అది. వస్తువులైతే ఏదో గీసేవాడు గానీ మనిషి బొమ్మ దగ్గరకొచ్చేసరికి చెయ్యి మొరాయించేది. ఎప్పుడో ఒక మందుల దుకాణం కోసం అట్టముక్కలో కోసుకున్న అచ్చు ఒకటి ఉంది. ముడి వేసుకున్న ఆడమనిషి, చేతిలో సంచీ, కుడివైపుకి నడుస్తూ ఉంటుంది. ఇంట్లో ఎవర్ని వెయ్యాలన్నా ఆ అచ్చే గతి. తనని వేసుకోవాల్సొస్తే అదే వేసి, ముడి తీసేసి మీసం దిద్దేవాడు.

గోడ మీద ఏది వేస్తే అది వేసినట్టే జరిగేది. మొదటి వారంలోనే అందరికీ తెలిసింది, తెలిసి ఎవరి పనిలో వాళ్ళు పడ్డారు. ఉయ్యాల వేస్తే ఆ వేళకి వాన వెలిసేది. నీళ్ళ తొట్టి వేస్తే కుళాయి వచ్చేది. కింది వాటాలో దర్జీ ఆవిడ పొద్దున్నే మెట్లెక్కి వచ్చి, "ఇవాళ తొట్టి ఎన్నింటికి వేశారు? బట్టలు నానబెట్టుకోవాలి" అని అడిగి వెళ్ళేది. పిల్ల తనిఖీ అయ్యేలోపు బొమ్మ చెరిగేది. అయ్యాక మాత్రం ఆ రోజు గడిచేదాకా తడిగుడ్డకీ పోదు, గోరుతో గీకినా పోదు.

అయితే గోడకి సొంత తెలివి లేదు. ఏది కనిపిస్తే అదే. ఒకసారి మేనమామ, అంటే పిల్ల తల్లికి తమ్ముడు, లిఫ్టులు బాగుచేసే మనిషి, "బావా, నాకో పెళ్ళికూతుర్ని వెయ్యి" అని పట్టుబట్టాడు. పెయింటరు అచ్చు తీసి వేశాడు. అనుకున్న వేళకి ఒకావిడ సంచీతో వచ్చింది. కరెంటు మీటరు చూసుకుని, మంచినీళ్ళు తాగి, కుడివైపుకి వెళ్ళిపోయింది. ఇంకోసారి నిద్రమత్తులో పెయింటరు స్నానం బొమ్మ రెండు గళ్ళలో వేశాడు. ఇంట్లో అందరూ రెండేసి సార్లు స్నానం చేశారు. పైపు బాగుచెయ్యడానికి వచ్చినాయన కూడా చేశాడు. ఆయన వద్దంటూనే చేశాడు, వెళ్ళేటప్పుడు హాయిగా ఉందన్నాడు.

టీచరు వచ్చినప్పుడల్లా ఇంకో నాలుగు సంగతులు చెప్పి పోయేది. దర్జీ ఆవిడ పిల్ల చొక్కాల మెడ దగ్గర గుచ్చుకునే పట్టీలన్నీ దారం కూడా మిగలకుండా విప్పేసింది. పిల్లని పని మార్చమనే ముందు ఇసుక గడియారం తిప్పి పెట్టేవాళ్ళు. ఏం కావాలని అడక్కుండా రెండు చేతుల్లో రెండు వస్తువులు పట్టుకుని చూపించేవాళ్ళు. మిక్సీ వెయ్యబోయే ముందు చెవుల మీద చేతులు పెట్టి చూపిస్తే, పిల్ల తన చెవులకి తొడుగులు తెచ్చుకునేది. ఇవన్నీ కుదిరాక ఒకనాడు టీచరు గోడని పరీక్షగా చూసి అడిగింది.

"ఇందులో పిల్ల తల్లి కూర్చునే గడి ఏది?"

"కూర్చోవడం ఎక్కడ కుదురుతుందండీ" అంది తల్లి.

"కుదరదు కాబట్టే వెయ్యమంటున్నాను."

మర్నాటి నుంచి పెయింటరు మధ్యాహ్నం గడిలో ఒక కుర్చీ వేసి, ఆ కుర్చీ మీదే అచ్చు పెట్టి ఆవిణ్ణి వేశాడు. మొదటిరోజు ఆవిడ కుర్చీలో కూర్చుని అరగంటసేపు లేవలేకపోయింది. తలుపు కొట్టారు. ఫోను మోగింది. పొయ్యి మీద దుంపలు మాడాయి. అత్తగారు వంటింట్లోంచి "అమ్మాయ్, మాడుతున్నాయే!" అని కేకేస్తే, "మీరు దింపండి అత్తయ్యా, నాకు గోడ ఒప్పుకోవట్లేదు" అంది. అన్నాక ఆవిడకి నవ్వొచ్చింది. పెళ్ళయ్యాక అంత ధైర్యంగా అన్న మాట అదే.

ఆ తల్లికి ఒక విద్య ఉంది. కళ్ళజోళ్ళ దుకాణంలో ఏడేళ్ళు పనిచేసింది. అద్దం అంచుని మిషను మీద వెంట్రుకవాసి తేడా లేకుండా అరగదీసి, ఫ్రేములో పెట్టి నొక్కితే టిక్కుమని కూర్చునేది. ఆ టిక్కు చప్పుడు ఆవిడకి ఇష్టం. రెండేళ్ళ కింద పిల్ల కోసం మానేసింది. మానేసినందుకు చింత లేదని అందరికీ చెప్పేది. చెప్పి, స్నానాలగదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చేది.

ఒక గురువారం దుకాణం ఆయన స్వయంగా ఇంటికొచ్చాడు. పెద్దాయన, మాట కరుకే గానీ మనసు మంచిది.

"ఉన్నమ్మాయి వెళ్ళిపోయిందమ్మా. అద్దాలు గుట్టపడి ఉన్నాయి. సోమవారం వచ్చి కూర్చుంటే కుర్చీ నీది. అయిదింటికి ఇంకొకమ్మాయిని రమ్మన్నాను. అప్పటికి నువ్వు లేకపోతే ఆమెకిచ్చేస్తాను. నేనూ ఎన్నాళ్ళని ఆగను?"

"వస్తాను సార్" అనేసింది ఆవిడ. ఆయన మెట్లు దిగాక వేళ్ళ మీద గంటలు లెక్కపెట్టుకుంది. బడి పన్నెండింటికే అయిపోతుంది. ఆ తరవాత పిల్లని ఎవరు చూస్తారు?

ఇంకెవరు, నాన్నమ్మే. పెయింటరు తల్లి. చేతులు చల్లనివి, ఓపిక కొండంత. ఉన్న చిక్కల్లా ఆవిడ మాటలతోనే. ఆవిడ మాట మొదలుపెడితే దానికి చుక్కలూ ఉండవు, కామాలూ ఉండవు. "నా తల్లే, నా బంగారమే, పాలు తాగేసి బూట్లేసుకుందామా, నిన్న ఎడమది కుడికాలికేశావు, మీ నాన్న కూడా చిన్నప్పుడంతే, ఒకసారేమయిందంటే..." అని ఆవిడ అందుకునేసరికి ఇన్‌స్పెక్టరమ్మ చెవితొడుగులు పెట్టుకుని బల్ల కిందికి పోయేది.

"అత్తయ్యా, అయిదు మాటలు. ఒకసారికి అయిదే" అంది కోడలు, అయిదు వేళ్ళూ చూపించి.

"అయిదా! అయిదు మాటల్లో నేను తుమ్మనైనా తుమ్మలేనే."

అయినా పెద్దావిడ పట్టుదల మనిషి. శుక్రవారం నుంచి సాధన మొదలుపెట్టింది. "పాలు. తరవాత బూట్లు" అని పెదవులు బిగించేది. మొహం ఎర్రబడేది. మిగిలిపోయిన మాటలన్నీ లోపల పేరుకుని, మధ్యాహ్నానికి ఉండబట్టలేక గబగబా కింది వాటాలోకి దిగి దర్జీ ఆవిడ ముందు కుమ్మరించి వచ్చేది. దర్జీ ఆవిడ మిషను తొక్కుతూ ఊఁ కొట్టేది. వచ్చేటప్పుడు నాన్నమ్మ మొహం తేటపడి ఉండేది. ఆదివారం మధ్యాహ్నం ఇన్‌స్పెక్టరమ్మ నాన్నమ్మ చేతిలోంచి బంగాళాదుంప తీసుకుని, ఆవిడ పక్కనే కూర్చుని తింది. తలుపు చాటు నుంచి తల్లి చూసింది. ఆవిడకి సంతోషమూ వేసింది, ఆ దుంప తన చేతిలోంచి తీసుకుంటే బావుండుననీ అనిపించింది.

"నేను వెళ్ళడం చూసి తట్టుకుంటుందా?" అంది మొగుడితో.

"గోడ మీద వేస్తాను కదా. నువ్వెక్కడికి వెళ్తున్నావో అరటిపండు ఒలిచినట్టు అర్థమయ్యేలా వేస్తాను."

సోమవారం పొద్దున ఆయన ఆ పనే చేశాడు. బ్రష్షు, పాలు, బూట్లు, బడి అయ్యాక అయిదో గడిలో అచ్చు పెట్టి ఆడమనిషిని వేశాడు. చేతిలో సంచీ, కుడివైపు నడక. ఇంతవరకు బాగానే ఉంది. దుకాణం సంగతి పిల్లకి తెలియాలని ఆ బొమ్మ మొహానికి రెండు గుండ్రాలు గీసి కళ్ళజోడు పెట్టాడు. తరవాతి మూడు గళ్ళలో దుంప, తొట్టి, ఉయ్యాల వేసి, వాటి పక్కన పిల్లని చూసుకునే ఆడమనిషిని కళ్ళజోడు లేకుండా వేశాడు. తేడా తెలియాలి కదా అని. చివర్న దిండు. తన తెలివికి తనే మురిసిపోయి పాలు పొంగించుకున్నాడు.

ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. బ్రష్షు దాటింది, పాలు దాటింది. అయిదో గడి దగ్గర ఆగి కళ్ళజోడు మీద వేలు పెట్టింది. తియ్యలేదు.

"చూశావా, కళ్ళజోడు! అమ్మ దుకాణం!" అన్నాడు తండ్రి. "వెంటనే పట్టేసిందే!" అని పెళ్ళాన్ని పిలిచి చూపించాడు.

ఇన్‌స్పెక్టరమ్మ వేలు ఇంకాసేపు అక్కడే ఉంచింది. ఎవరికీ పట్టకపోయేసరికి మిగిలిన గళ్ళు చూసుకుని పళ్ళు తోముకోవడానికి వెళ్ళిపోయింది.

ఆ ఇంట్లో కళ్ళజోడు పెట్టుకునేది నాన్నమ్మ ఒక్కతే. కళ్ళజోళ్ళు చేసే తల్లికి చూపు శుభ్రంగా ఉంది, జోడు లేదు.

బడికి పిల్లని దింపి వచ్చి తల్లి తల దువ్వుకుంది. కొత్త చెప్పులు వేసుకుంది. సంచీ కోసం చూస్తే లేదు. అత్తగారు దాన్ని చేత్తో పట్టుకుని గుమ్మం దాటుతోంది.

"అత్తయ్యా! ఎక్కడికి?"

"ఏమో అమ్మాయ్, కాళ్ళు నడుస్తున్నాయి. మీ దుకాణం వైపే అనుకుంటా" అంటూనే పెద్దావిడ మెట్లు దిగింది.

తల్లి వెనకాలే పరిగెత్తబోయింది. గుమ్మం దాకా వెళ్ళిన కాలు అక్కడే ఆగింది. వెనక్కి వెళ్ళి గోడ చూసింది. కళ్ళజోడు ఉన్నది దుకాణానికి, లేనిది ఇంటికి. తల పట్టుకుని కూలబడింది. తడిగుడ్డ తెచ్చి రుద్దింది. చాకుతో గీకింది. గుండ్రాలు చెక్కు చెదరలేదు.

పదిన్నరకి దుకాణం ఆయన ఫోను చేశాడు.

"అమ్మా, మీ అత్తగారొచ్చి నీ కుర్చీలో కూర్చున్నారు."

"తెలుసు సార్."

"వచ్చినవాళ్ళని వచ్చినట్టే పంపించేస్తున్నారమ్మా. ఒకాయన దగ్గరి అక్షరాలు కనపడట్లేదంటే, దూరంగా పెట్టుకుని చదువు నాయనా అన్నారు. ఇంకొకాయన దూరానివి కనపడట్లేదంటే, దూరపువాళ్ళతో మనకేం పని అన్నారు. ఇద్దరూ నిజమేనని వెళ్ళిపోయారు."

"గోడ మీద బొమ్మకి కళ్ళజోడు పెట్టారు సార్, మా ఆయన."

ఆయన నిట్టూర్చాడు. "అయ్యో. మీ అత్తగారికి జోడుంది కదమ్మా, అంత మాత్రం చూసుకోవద్దూ? సరే, అయిదింటిదాకా చూస్తాను. అంతకుమించి నా వల్ల కాదు."

ఆ తరవాత ఆవిడ మొగుడికి ఫోను చేసింది. ఆయన ఎక్కడో నిచ్చెన మీద ఉన్నాడు. విషయం వినగానే సగం రాసిన బోర్డు అలాగే వదిలేసి దిగాడు. ఆ బోర్డు మూడు రోజులు సగం పేరుతోనే ఉండిపోయింది.

పన్నెండింటికి తల్లి బడికి వెళ్ళి పిల్లని తీసుకొచ్చింది. అంతవరకు గోడ ఒప్పుకుంది. వచ్చేదారిలో దుకాణం సందువైపు తిరగబోతే మాత్రం కాళ్ళు ఇంటివైపే మళ్ళాయి. వాళ్ళు వచ్చేసరికి పెయింటరు వంటింట్లో జుట్టంతా రంగుతో, చేతిలో సుద్దముక్కతో గోడ ముందు నిలబడి ఉన్నాడు. అచ్చు తన సామాన్ల పెట్టెలో ఉంది. పెట్టె నిచ్చెన దగ్గర ఉండిపోయింది. చేత్తోనే గీయాలి. దుంపకీ తొట్టికీ మధ్య గీత మీద, ఉన్న కాస్త చోటులో, కళ్ళజోడు లేకుండా సంచీతో వెళ్తున్న పెళ్ళాన్ని వెయ్యబోయాడు. అయ్యవారిని చెయ్యబోతే కోతి అయింది. పొడుగ్గా, సన్నగా, పక్కకి ఒరిగిపోయి, ఎలా చూసినా ఆడమనిషిలా లేదు.

"ఇదెవరు?" అంది ఆవిడ.

పెయింటరు నోరు తెరిచేలోపే తలుపు తోసుకుని మేనమామ ఊడిపడ్డాడు. పొడుగ్గా, సన్నగా, ఒక పక్కకి ఒరిగి ఉండే మనిషి. చేతిలో సంచీ. "అక్కా, రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య లిఫ్టు ఆపి, అలాగే వదిలేసి వచ్చేశాను. ఎందుకొచ్చానంటావు?" అన్నాడు. అని, జవాబు కోసం ఆగకుండా కుడివైపుకి తిరిగి దుకాణానికి వెళ్ళిపోయాడు.

పది నిమిషాలకి ఫోను మోగింది. "అమ్మా, ఇప్పుడు మీ తమ్ముడొచ్చాడు" అన్నాడు దుకాణం ఆయన నీరసంగా. "మీ అత్తగారూ ఆయనా కుర్చీ కోసం గొడవపడుతున్నారు. ఇంకెవరైనా వచ్చేది ఉంటే ఇప్పుడే చెప్పమ్మా, బయట బల్ల వేయిస్తాను."

పెయింటరుకి నవ్వు తన్నుకొచ్చింది, పెళ్ళాం మొహం చూసి మింగేశాడు. ఆ గొడవలో ఇద్దరూ పిల్లని మర్చిపోయారు.

ఇన్‌స్పెక్టరమ్మ గోడ ముందు నిలబడి ఉంది. గోడ మీద పొద్దున లేని బొమ్మ ఉంది. గడిలో కాదు, గీత మీద ఉంది. ఇల్లంతా తలుపుల చప్పుడు, ఫోను మోత, పెద్ద గొంతులు. ఉండాల్సిన నాన్నమ్మ లేదు. పిల్ల రెండు చేతులతో చెవులు మూసుకుంది. గొంతులోంచి సన్నగా మొదలైన ఏడుపు ఇల్లంతా నిండిపోయింది. తల గోడకేసి కొట్టుకోబోతే తల్లి అరచెయ్యి అడ్డం పెట్టింది.

"ఫోను ఆపెయ్యండి. కిటికీ ముయ్యండి" అంది మొగుడితో, చాలా చిన్న గొంతుతో. ఆ తరవాత ఇంకేం మాట్లాడలేదు. పిల్ల బల్ల కిందికి పోయింది. తల్లి బరువైన బొంత తెచ్చి పిల్ల భుజాల మీద కప్పి, తాకీ తాకనట్టు పక్కన నేల మీద కూర్చుంది. ఊరుకో అనలేదు. ఏమైందని అడగలేదు. గడియారం ఒంటిగంట దాటింది. చూడకూడదనుకుంటూనే చూసింది. అయిదింటికి కుర్చీ పోతుంది. పోతే పోనీ అనుకుంది. అనుకున్నాక కళ్ళ నుంచి నీళ్ళు జారాయి, తుడుచుకోలేదు. ఈ పిల్లకి ఇంత భయం పెట్టిన ఉద్యోగం ఎందుకు, అనుకుంది. కానీ ఆ ఉద్యోగం కావాలనే ఉంది. ఆ రెండూ నిజమే అయినప్పుడు మనిషి ఏం చెయ్యాలో ఆవిడకి తెలియలేదు. పెయింటరు గుమ్మంలో నేల మీద చతికిలబడి, తన సుద్దచేతులు చూసుకుంటూ ఉండిపోయాడు.

రెండింటికి కాస్త ముందు బొంత కదిలింది. ఇన్‌స్పెక్టరమ్మ బయటికొచ్చింది. ఒకసారి ముక్కు ఎగపీల్చి, చేతులు వెనక్కి కట్టుకుని, గోడ దగ్గరికి వెళ్ళి మళ్ళీ మొదటినుంచి తనిఖీ మొదలుపెట్టింది.

గీత మీది వంకర బొమ్మ దగ్గర ఆగింది. చొక్కా చెయ్యి లాక్కుని దాన్ని రుద్దింది. చాకుకి లొంగని గోడ అది. మరి ఆవిడ ఇన్‌స్పెక్టరమ్మ కదా, బొమ్మ మొత్తం పోయింది. దుకాణంలో మేనమామ గొడవ మధ్యలో లేచి, "నా లిఫ్టు!" అని బయటికి పరిగెత్తాడట.

తరవాత అయిదో గడికి వెళ్ళి, పొద్దున వేలు పెట్టిన చోటే బొటనవేలు పెట్టింది. ఒక గుండ్రం చెరిపింది. రెండోదీ చెరిపింది. తండ్రి దగ్గరికొచ్చి, ఆయన చెయ్యి తెరిచి, సుద్దముక్క తీసుకుంది. మిగిలిన గళ్ళలో పిల్లని చూసుకునే ఆడమనిషికి రెండేసి గుండ్రాలు పెట్టింది. వంకరగా ఉన్నాయి, అయినా కళ్ళజోళ్ళే.

"పొద్దునే చెప్పింది" అన్నాడు పెయింటరు నెమ్మదిగా. "వేలు పెట్టి మరీ చెప్పింది. నేనే చూసుకోలేదు."

తల్లి పాదాలు అప్పటికే గుమ్మం వైపు కదులుతున్నాయి. వెళ్ళాల్సిన వేళ ఎప్పుడో దాటిపోయిందేమో, గోడ తొందరపెడుతోంది. ఆవిడ గోడ అంచు పట్టుకుని బలవంతాన ఆగింది. పిల్ల పని ఇంకా అవలేదు.

తొట్టికీ ఉయ్యాలకీ మధ్య గీత ఉంది. ఇన్‌స్పెక్టరమ్మ ఆ గీతకి పక్కన ఇంకో గీత గీసి, కొత్తగా ఒక సన్నటి గడి కట్టింది. అందులో ఒక గుండ్రం, దాని వెనక ముడి, కింద రెండు కాళ్ళు, చేతిలో సంచీ వేసింది. అయితే ఈ మనిషి కుడివైపుకి నడవడం లేదు. ఎడమవైపుకి, ఇంట్లోకి వస్తోంది.

పెయింటరు అచ్చుకి అటు తిరగడం రాదు. ఏడాదిగా ఆ గోడ మీద వెళ్ళే మనుషులే గానీ వచ్చే మనుషులు లేరు. అందరూ సంచీ పట్టుకుని వెళ్ళిపోయేవాళ్ళే. అమ్మ వెళ్తుందని చూపించాలని అంత తాపత్రయపడ్డవాళ్ళకి, తిరిగొస్తుందని కూడా చూపించాలని తట్టలేదు. ఎందుకంటే ఆ సంగతి వాళ్ళకి తెలుసు. పిల్లకి ఎవరూ చెప్పలేదు.

తల్లి గోడ అంచు వదిలేసింది. పిల్ల సుద్దముక్క తండ్రి చేతిలో పెట్టేసి, గోడ ఒకసారి చూసుకుని, వెళ్ళి బంగాళాదుంప తినడానికి కూర్చుంది.

దారిలో అత్తాకోడళ్ళు ఎదురుపడ్డారు. ఒకరి కాళ్ళు అటు, ఒకరి కాళ్ళు ఇటు, ఆగడానికి లేదు. నాన్నమ్మ సంచీ కోడలి చేతిలోకి విసిరింది.

"కుర్చీ బావుందే అమ్మాయ్! ఆయన కూడా మంచివాడే! ఒక ముసలాయనకైతే నేను..."

"అత్తయ్యా, అయిదు మాటలు!" అని నవ్వుతూనే ఆవిడ పరుగందుకుంది.

రెండుంబావుకి కుర్చీలో కూర్చుంది. మిషను మీద చెయ్యి పెట్టగానే వేళ్ళకి అన్నీ గుర్తొచ్చాయి. మొదటి అద్దం ఫ్రేములో టిక్కుమని కూర్చున్నప్పుడు దుకాణం ఆయన పేపరు చాటు నుంచి ఒకసారి చూసి, ఏమీ చూడనట్టు పేపరు తిప్పాడు. అయిదింటికి రావాల్సిన అమ్మాయి వచ్చింది. ఆయన ఆమెకి మంచినీళ్ళిచ్చి, కుర్చీ ఖాళీ లేదమ్మా అని చెప్పి పంపాడు.

ఇంకో పావుగంటకి ఆయన గల్లా దగ్గర నుంచి లేచి వచ్చాడు. "మొదటిరోజే అడగకూడదు గానీ, ఇంకో నాలుగు జతలు చేసి వెళ్ళమ్మా. ఏడింటిదాకా ఉండు."

"సరే సార్" అంది ఆవిడ. కుర్చీ కావాలంటే కాదనకూడదని ఆవిడకి తెలుసు. సరే అంటూనే లేచి నిలబడింది. పాదాలు చెప్పుల్లోకి దూరిపోయాయి. "సార్, నేను ఉందామనే అనుకుంటున్నాను" అంటూ గుమ్మం దాటింది.

ఇంట్లో నీళ్ళ తొట్టి దగ్గర నాన్నమ్మ పెదవులు బిగించుకుని కూర్చుని ఉంది. ఇన్‌స్పెక్టరమ్మ ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి నీళ్ళు పోస్తోంది. తల్లి లోపలికి అడుగు పెట్టింది. పిల్ల ఎదురు పరిగెత్తలేదు. తలెత్తి తల్లిని చూసింది, మెడ తిప్పి గోడని చూసింది, మళ్ళీ తల్లిని చూసింది. గుండెల నిండా ఊపిరి తీసి వదిలింది. తరవాత తొట్టి దగ్గర కొంచెం పక్కకి జరిగి చోటిచ్చింది. తల్లి కొత్త చెప్పులు తడుస్తున్నా చూసుకోకుండా ఆ చోట్లో కూర్చుంది.

మర్నాడు అయిదింటికి పెయింటరు తడిగుడ్డతో గోడ తుడిచాడు. సోమవారం అంతా పోయింది. ఎడమవైపుకి నడిచే ఆ బొమ్మ ఒక్కటి పోలేదు. రెండుసార్లు రుద్ది, గుడ్డ కింద పెట్టేసి, దాని చుట్టూ మంగళవారం వేసుకున్నాడు. బుధవారమూ అంతే చేశాడు. తరవాత తుడవడానికి ప్రయత్నించడమే మానేశాడు.

ఏళ్ళు గడిచాయి. దుకాణం ఆయనకి చూపు మందగించాక ఆ దుకాణం పిల్ల తల్లి చేతికే వచ్చింది. పనివాళ్ళు పెరిగారు, మిషన్లు మారాయి. కానీ సాయంత్రం అయిదుంబావు అయ్యేసరికి, ఎదురుగా ఎంత పెద్దమనిషి కూర్చున్నా, చేతిలో ఎలాంటి అద్దం ఉన్నా, ఆవిడ కాళ్ళు లేచి ఇంటిదారి పట్టేవి. ఎవరు ఆపినా ఆగేవి కావు. ఆగమని ఆవిడ కూడా ఎన్నడూ అడగలేదు.